కెనాన్ 1500డీ ఫొటోగ్రఫీ నేర్చుకోడానికి ఇప్పటికీ పనికొస్తుందా? బరంపురం నుంచి రివ్యూ

అందరికీ నమస్కారం అండీ. ఒడిశాలోని బరంపురం నుంచి మాట్లాడుతున్నాను. ఈరోజు మన బల్ల మీద ఉన్నది కెనాన్ ఈఓఎస్ 1500డీ. 2018లో వచ్చిన కెమెరా. మిర్రర్‌లెస్‌లు, అంటే లోపల అద్దం లేని కొత్త రకం కెమెరాలు, ఇన్ని వచ్చాక దీనికి రివ్యూ ఎందుకంటారేమో. పర్లాకిమిడి, గునుపూరు, రాయగడ వైపు నుంచి నాకు మెసేజ్ పెట్టేవాళ్ళు చాలామంది అడిగేది ఒకటే: "అన్నా, ఫోన్‌తో తీసీ తీసీ విసుగొచ్చింది, సరదాగా ఫొటోగ్రఫీ నేర్చుకుందామనుంది, ఏ కెమెరా కొనాలి?"

జవాబు ముందే చెప్పేస్తున్నా. నేర్చుకోడానికైతే ఇది తీసుకోండి. వీడియోల కోసమైతే దీని జోలికి పోకండి. బయటి మైకు పెట్టుకోడానికి ఇందులో సాకెట్టే లేదు, తెర పక్కకి తిరగదు. వీడియో సంగతి అంతే, ఇక ఫొటోల్లోకి వద్దాం.

ఇదిగో, ఈ కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ దగ్గర మొదలుపెడదాం. లెన్సులోంచి వచ్చిన వెలుగే లోపలి అద్దాల మీద పడి మీ కంటికి చేరుతుంది. ఫోన్లో ఐతే బటన్ నొక్కకముందే ఫొటో ఎలా రాబోతుందో తెర మీద తెలిసిపోతుంది. ఇందులో తెలీదు. ఎదురుగా ఉన్నది ఉన్నట్టే కనపడుతుంది, ఫొటో చీకటిగా వస్తుందా, తెల్లగా కొట్టేస్తుందా అన్నది మీరే లెక్కేసుకోవాలి. నొక్కాక వెనక తెర మీద చూస్తే మీ లెక్క ఎంత కుదిరిందో బయటపడుతుంది. చాలామంది దీన్ని లోటు అంటారు. నేను ఈ కెమెరాని సిఫారసు చేస్తున్నదే దీనికోసం. వెలుగుని కంటితో తూచడం వచ్చిందంటే రేపు చేతికి ఏ కెమెరా ఇచ్చినా తీస్తారు. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి, ఫ్రేములో ఇది 95 శాతమే చూపిస్తుంది. మీరు చూడని కరెంటు తీగ ఫొటో అంచున వచ్చి కూర్చుంటుంది.

వెలుగు లెక్క ఎలా నేర్చుకోవాలి? మనకి గోపాల్‌పూర్ ఉంది కదా, ఇక్కడి నుంచి ఓ పదహారు కిలోమీటర్లు. డయల్‌ని ఏవీ మీద పెట్టండి, అంటే లెన్సు ఎంత తెరుచుకోవాలో మీరు చెప్తారు, షట్టర్ ఎంతసేపు తెరవాలో కెమెరా చూసుకుంటుంది. ఎఫ్ 8 (లెన్సు నోరు ఎంత తెరిచామో చెప్పే అంకె, అది తగ్గేకొద్దీ నోరు పెద్దదౌతుంది), ఐఎస్ఓ 100 (వచ్చిన వెలుగుని కెమెరా ఎంత పెంచాలో చెప్పే అంకె). ఎండ బాగా ఎక్కాక ఇసుకని తీయండి. మెరిసిపోయే ఇసుక ఫొటోలో మాసిన బట్టలా వస్తుంది. కెమెరా తప్పేం లేదండీ. వెలుగు కొలిచే లోపలి మీటరు దేన్ని చూసినా మధ్యరకం బూడిద రంగనే అనుకుంటుంది, తెల్లటిదాన్ని కిందకి లాగుతుంది, నల్లటిదాన్ని పైకి లేపుతుంది. ఈ వెనకున్న ఏవీ ప్లస్ మైనస్ బటన్ నొక్కి పట్టుకుని, డయల్‌ని ప్లస్ ఒకటికి తిప్పండి. ఇసుక ఇసుకలా వచ్చేస్తుంది. తెల్లారుజామున దీనికి తిరగేసి చేయాలి. అక్కడ సూర్యుడు సముద్రంలోంచే లేస్తాడు కాబట్టి మైనస్ ఒకటి పెడితే ఆకాశం రంగు నిలబడుతుంది, పడవలు నల్లటి ఆకారాలౌతాయి. వలల రంగులు కావాలా? సముద్రానికి వీపు పెట్టి నిలబడి తీయండి. ఎండ వాటి మీద సూటిగా పడుతుంది.

ఇప్పుడు లెన్సులు. దీంతో వచ్చేది 18-55, అంటే 18 నుంచి 55 ఎంఎం దాకా జూమ్ చేసుకునే లెన్సు. పగలు బయట ఏ ఇబ్బందీ లేదు. ఇంట్లోకి అడుగుపెడితే మాత్రం కష్టం మొదలు. 55 దగ్గర దీని నోరు ఎఫ్ 5.6కి మించి తెరుచుకోదు. అదే ఈ చిన్న 50 ఎంఎం ఎఫ్ 1.8 చూడండి, 160 గ్రాములుంటుంది. దానికంటే దాదాపు పది రెట్లు వెలుగు లాక్కుంటుంది.

ఆ తేడా ఏంటో మన పట్టు మగ్గం దగ్గర చూపిస్తాను. ఇక్కడి దేరా వాళ్ళు తెలుగు మాట్లాడే నేతగాళ్ళని మీకు తెలిసిందే. బరంపురం పట్టుకి ఆ పేరు తెచ్చింది వాళ్ళ చేతులే. గది చిన్నది, ఒక్కటే కిటికీ. మగ్గం మీదున్న పెద్దాయన "బాబూ, లైటెయ్యమంటావా?" అన్నారు. "వద్దు మావయ్యా, కిటికీ చాలు" అన్నాను. ట్యూబ్‌లైట్ వేస్తే కిటికీ వెలుగూ అదీ కలిసి పట్టు రంగు చెడుతుంది. ఇప్పుడు తెర మీద చూడండి. ఇది 50 ఎంఎంతో తీసింది: ఎఫ్ 2.8, సెకనులో 125వ వంతు, ఐఎస్ఓ 800. ఎర్ర చీర, అంచు మీద గుడి గోపురం వరసలా కుంభాలు, ఒక్కో పోగూ లెక్కపెట్టొచ్చు. పక్కనున్నది 18-55తో, అదే షట్టర్. ఎఫ్ 5.6కి వెళ్ళాం కాబట్టి ఐఎస్ఓ 3200 ఎక్కింది. నీడల్లో గరుకు చూశారా? జరీ మెరుపు పోయింది.

అక్కడే ఇంకో పాఠం కూడా ఉంది. పోగు మోసే నాడె అటూ ఇటూ పరిగెడుతుంటుంది కదా. షట్టర్ 500వ వంతులో అది గాల్లో ఆగిపోయినట్టుంటుంది. 15వ వంతులో చారికలా సాగుతుంది, పెద్దాయన మొహం మాత్రం కదలకుండా ఉంటుంది. నాకు రెండోదే ఇష్టం, పని నడుస్తున్నట్టు తెలుస్తుంది. అంత నెమ్మది షట్టర్‌కి చేయి ఆగదు, కెమెరాని గుంజకి గట్టిగా ఆనించాలి.

50తో ఒక జాగ్రత్త. ఒకటిన్నర మీటరు దూరంలో మనిషిని ఎఫ్ 1.8లో తీస్తే స్పష్టంగా ఉండే లోతు ఆరు సెంటీమీటర్లే. కన్ను బాగుంటుంది, చెవి మసకౌతుంది. ఈ కెమెరాలో ఫోకస్ పాయింట్లు తొమ్మిదే, వాటిలో నమ్మదగ్గది మధ్యదే. మధ్య పాయింట్‌ని కంటి మీద పెట్టి, బటన్ సగం నొక్కి పట్టుకుని, ఫ్రేము సరిచేసుకుని తీయండి. మొహానికి మరీ దగ్గరైతే ఎఫ్ 2.8కి వెళ్ళండి.

బుడ్ఢీ ఠాకురాణి యాత్ర మాట చెప్పకుండా బరంపురంలో కెమెరా రివ్యూ ముగించలేం. రెండేళ్ళకోసారి అమ్మవారు పుట్టింటికి, అంటే దేశిబెహెరా వీధికి వస్తుంది, రాత్రంతా ఊరు నిద్రపోదు. పులివేషం ఆడుతుంటే షట్టర్ 250వ వంతు కంటే నెమ్మదిగా పెట్టకండి. ఐఎస్ఓ 3200 దాకా ధైర్యంగా వెళ్ళండి, 6400లో గరుకు కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. ఇలాంటి చోట రా ఫైల్‌లో తీయడం తప్పనిసరి. కెమెరా తన మార్పులేం చేయకుండా సెన్సర్ పట్టిందంతా దాచేది రా. పచ్చ బల్బు, ఎర్ర బల్బు కలిసి ఒళ్ళంతా వింత రంగొస్తే, జేపెగ్‌లో సరిచేయడం కష్టం, రాలో చాలావరకు తిప్పుకోవచ్చు. సెకనుకి మూడే ఫొటోలు తీస్తుంది కాబట్టి నొక్కి పట్టుకుంటే లాభం లేదు. తాళం వినండి, అడుగు ఎప్పుడు పడుతుందో పట్టుకుని అప్పుడు నొక్కండి.

ఇక రుషికుల్య నది సముద్రంలో కలిసే చోట గుడ్లు పెట్టే తాబేళ్ళు. దీని గురించి గట్టిగా చెప్పాలి. ఈ కెమెరాని ఆటో మీద ఉంచి చీకట్లో బటన్ నొక్కితే ఫ్లాష్ దానంతటదే లేచి కొడుతుంది. ఫోకస్ దొరక్కపోతే ముందే టకటకా మెరుస్తుంది కూడా. గుడ్లు పెట్టడానికి వచ్చిన తాబేలు ఆ వెలుగుకి బెదిరి గుడ్లు పెట్టకుండానే సముద్రంలోకి మళ్ళిపోవచ్చు. తాబేలు పిల్లలైతే వెలుగెటుంటే అటే పాకుతాయి, సముద్రం దారి తప్పుతాయి. రాత్రి కెమెరా బ్యాగులోనే ఉంచండి, వెనక తెర వెలుగు కూడా వద్దు. అటవీ శాఖ వాళ్ళు ఎక్కడ ఆగమంటే అక్కడే ఆగండి. తెల్లారేసరికి తిరిగి వెళ్తున్నవి ఒక్కోసారి కనపడతాయి, దూరం నుంచి ఆ వెలుగులో తీసుకోండి. ఒక ఫొటో కోసం ఒక తాబేలుకి కూడా ఇబ్బంది కలగకూడదండీ.

కొనేటప్పుడు చూసుకోవాల్సినవి. 3000డీ అని పక్కనే ఇంకోటి కనపడుతుంది. అది 18 మెగాపిక్సెల్, లెన్సు బిగించే చోటు ప్లాస్టిక్. ఇది 24, ఇక్కడ లోహం. ఇదే తీసుకోండి. రెండు లెన్సుల కిట్‌లో దూరంగా ఉన్నవాటిని దగ్గరికి లాగే 55-250 వస్తుంది, పక్షుల పిచ్చి ఉంటే సరే. లేకపోతే ఆ డబ్బుతో 50 కొనుక్కోండి.

సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే ఇంకా మంచిది. ఐతే మనది గాల్లో తేమ ఎక్కువుండే ఊరు, లెన్సులో బూజు పడుతుంది. టార్చి వేసి వెనక నుంచి లోపలికి చూడండి, సాలెగూడులాంటి తీగలు కనపడితే వదిలేయండి. తర్వాత ఎఫ్ 16 పెట్టి ఖాళీ ఆకాశాన్ని తీసి, పెద్దది చేసి చూడండి. నల్లచుక్కలుంటే సెన్సర్ మీద దుమ్ముంది. ఇందులో సెన్సర్ తనంతట తాను దులుపుకునే ఏర్పాటు లేదు, అందుకే బీచ్‌లో లెన్సు మార్చనే కూడదు. ఇంటికొచ్చాక తడి గుడ్డ గట్టిగా పిండి బాడీ తుడవండి, మూత బిగుసుకునే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి అందులో పెట్టండి. తోలు సంచిలో పెట్టి బీరువాలో పడేస్తే వానాకాలం వెళ్ళేసరికి బూజు ఖాయం.

మీరు ఏ ఊళ్ళో ఉన్నారో, ఏం తీయాలనుకుంటున్నారో కింద రాయండి. వచ్చే వీడియోలో 55-250 పట్టుకుని రంభ వైపు చిలికా పక్షుల దగ్గరికి వెళ్దాం. ఉంటానండీ.