గోదావరి మొగ నుంచి గ్రీన్‌లాండ్ దాకా

సభకు నమస్కారం.

ముందుగా ఈ గాజు గ్లాసు చూడండి. సగం వరకు ఉన్నది అంతర్వేది దగ్గర ముంచి తెచ్చిన సముద్రపు నీరు. దాని మీద చెంచా ఆనించి, పసుపు కలిపిన కాలువ నీళ్లు మెల్లగా పోస్తున్నాను. రెండూ కలవలేదు, చూశారా? పసుపు నీరు పైనే నిలిచింది. మంచినీరు తేలిక, ఉప్పునీరు బరువు. శ్రావణంలో గోదావరి ఎర్రనీరు మొగ దాటి సముద్రం మీద పరచుకోవడం వేటకు వెళ్లేవారు ఏటా చూసేదే. ధ్రువాల దగ్గర మంచు కరిగితే వచ్చే చిక్కు కూడా ఇక్కడే మొదలవుతుంది.

అట్లాంటిక్‌లో ఉష్ణమండలం నుంచి వెచ్చని, ఉప్పు ఎక్కువగా ఉన్న నీరు ఉత్తరానికి పోతుంది. గ్రీన్‌లాండ్ దరిదాపుల్లో చల్లబడి, బరువెక్కి, కిలోమీటర్ల లోతుకు దిగి, అడుగునే దక్షిణానికి మళ్లుతుంది. ఆ ప్రవాహం సెకనుకు సుమారు 1.7 కోట్ల ఘనపు మీటర్లు. 1986లో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది, పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అలాంటి నూట డెబ్బై వరదలు ఒకేసారి పారితే ఎంతో అంత!

గ్రీన్‌లాండ్ మంచు ఈ శతాబ్దం మొదటి నుంచి ఏటా సగటున సుమారు 27,000 కోట్ల టన్నుల మేర తరిగిపోతోంది. కరిగినదంతా మంచినీరు. అది చేరేకొద్దీ పైనీరు తేలికబడి, కిందికి దిగడం మందగిస్తుంది. ఈ శతాబ్దంలో ఆ ప్రవాహం బలహీనపడుతుందని ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల సంఘం ఐపీసీసీ 2021లో చెప్పింది. 2100 లోపు హఠాత్తుగా ఆగకపోవచ్చని కూడా చెప్పింది గానీ, ఆ మాట మీద శాస్త్రవేత్తలకున్న నమ్మకం మధ్యస్థమే. నాకు అది ధైర్యమిచ్చే మాటగా తోచలేదు.

కిందికి దిగే నీరే లోతులకు ప్రాణవాయువు మోసుకుపోతుంది. అడుగునుంచి పైకి వచ్చే నీరు పోషకాలను తెస్తుంది. వాటితో కంటికి కనిపించని సూక్ష్మ మొక్కలు పెరుగుతాయి, వాటి మీద చేపలు బతుకుతాయి. మన బంగాళాఖాతంలో నదుల మంచినీరు పైపొరగా నిలిచి పోషకాలను పైకి రానివ్వదు. అరేబియా సముద్రంతో పోలిస్తే ఇక్కడ సూక్ష్మ మొక్కలు తక్కువగా ఉండటానికి ముఖ్య కారణం అదే.

అట్లాంటిక్ ప్రవాహం బాగా తగ్గితే వానల పట్టీ దక్షిణానికి జరిగి, మన రుతుపవనాలు బలహీనపడతాయని కంప్యూటర్లలో వేసే వాతావరణ లెక్కలు చూపుతున్నాయి. అంటే ఖరీఫ్‌కు కాలువల్లోకి వచ్చే నీటి సంగతి.

ఇంకొకటి. అంత పెద్ద మంచుగుట్ట తన ఆకర్షణతో సముద్రాన్ని తనవైపు లాగి ఉంచుతుంది. అది కరిగితే గ్రీన్‌లాండ్ ఒడ్డున నీటిమట్టం తగ్గి, దూరాన ఉన్న మనవంటి తీరాల్లో సగటుకన్నా ఎక్కువ పెరుగుతుంది. పైగా మన ఒండ్రు ఎగువ జలాశయాల్లోనే ఆగిపోతోంది. కొత్త మట్టి చేరని డెల్టా కుంగుతుంది, పోటు నీరు ఏటిలో ఇంకా పైకి ఎక్కుతుంది.

అందుకే పంచాయతీలను ఒకటి అడుగుతున్నాను. ప్రతి వేసవిలో తీరగ్రామాల బావుల్లో ఉప్పు ఎంతుందో కొలిపించి రాసిపెట్టండి. కోరింగ మడ అడవిలో ఒక్క చెట్టు కూడా రొయ్యల, చేపల చెరువుల కోసం కొట్టనివ్వకండి. ఇక మీ ఊరి బావుల సంగతి మీరు చెప్పండి, వింటాను.