పోయినట్టే పోయి మెమరీలో కూర్చునే డాస్ ప్రోగ్రాములు

[తెర: నల్లటి స్క్రీన్, సి ప్రాంప్ట్ (కమాండ్ కోసం ఎదురుచూసే గుర్తు). మౌస్ అని టైప్ చేసి ఎంటర్ కొట్టాలి.]

చూశారా, డ్రైవర్ (మౌస్‌ను నడిపే ప్రోగ్రాం) ఎక్కిందని ఒక లైన్ వచ్చింది, వెంటనే ప్రాంప్ట్ తిరిగొచ్చింది. డాస్‌లో, అంటే పాత పీసీలను నడిపిన ఆపరేటింగ్ సిస్టంలో, ప్రాంప్ట్ వచ్చిందంటే ప్రోగ్రాం అయిపోయినట్టే. కానీ ఇప్పుడు ఎడిట్ (డాస్‌లో ఫైళ్ళు రాసుకునే ప్రోగ్రాం) తెరవండి, మౌస్ కదులుతోంది! అయిపోయిన ప్రోగ్రాం దాన్ని ఎలా నడుపుతోంది?

హన్మకొండ చౌరస్తా దగ్గర నేను డాస్ నేర్చుకున్న సెంటర్‌లో ఇదే అడిగితే మా సార్ నవ్వాడు. "పోయిండనుకుంటే పొయ్యి కాడనే కూసున్నడు" అన్నాడు. ఇలాంటి ప్రోగ్రాం అసలు పేరు టెర్మినేట్ అండ్ స్టే రెసిడెంట్, అంటే ముగిసినా మెమరీలోనే ఉండిపోయేది, పొట్టిగా టీఎస్ఆర్. నాకు సార్ పెట్టిన పేరే నచ్చుతుంది.

డాస్ ఒకసారికి ఒక్క ప్రోగ్రాంనే నడుపుతుంది. పని అయ్యాక మామూలు ప్రోగ్రాం తన మెమరీ మొత్తం అప్పజెప్పి వెళ్తుంది. టీఎస్ఆర్ మాత్రం ఇంటరప్ట్ 21లో 31 నంబర్ సేవను పిలుస్తుంది (ఇంటరప్ట్ అంటే ప్రాసెసర్ చేస్తున్న పని ఆపించి వేరే పని చేయించే పిలుపు; నంబర్లు రెండూ హెక్స్‌లో, అంటే పదహారు అంకెల లెక్కలోనే). 16 బైట్ల ముక్కలు ఇన్ని నాకు వదిలెయ్ అని అడుగుతుంది. డాస్ సరేనని తర్వాతి ప్రోగ్రాంను మిగిలిన చోట ఎక్కిస్తుంది.

ఉంటే సరిపోదు కదా, లేపేదెవరు?

[తెర: కాజీపేట జంక్షన్ పట్టాల బొమ్మ.]

సికింద్రాబాద్ నుంచి వచ్చే బండి కాజీపేటలో పాయింట్లు (బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకు తిప్పే పట్టాలు) ఎటుంటే అటు పోతుంది: వరంగల్ వైపో, బల్లార్షా వైపో. పీసీ మెమరీలో మొదటి 1024 బైట్లు అలాంటి పాయింట్లే. ఒక్కోటి 4 బైట్లు, మొత్తం 256 అడ్రసులు. కీబోర్డు మీద మీట నొక్కితే ప్రాసెసర్ 9వ ఇంటరప్ట్ అడ్రస్ చూసి అక్కడికి వెళ్తుంది. టీఎస్ఆర్ ఆ అడ్రస్ తీసి దాచుకుని, తన అడ్రస్ పెడుతుంది. ఇక ప్రతి మీటా ముందు దాని ప్లాట్‌ఫారం మీదికే. చూసుకున్నాక బండిని పాత లైనుకు పంపాలి. పంపకపోతే కీబోర్డు చచ్చినట్టే.

1984లో బోర్లాండ్ కంపెనీ తెచ్చిన సైడ్‌కిక్ ప్రోగ్రాం ఇలాగే పనిచేసేది. ఏ ప్రోగ్రాంలో ఉన్నా మీటలు నొక్కగానే కాలిక్యులేటర్, నోట్‌ప్యాడ్ ప్రత్యక్షం.

అసలు టెన్షన్ ఇక్కడుంది. డాస్ ఫైలు రాస్తుండగా మీరు ఆ మీటలు నొక్కారనుకోండి. టీఎస్ఆర్ లేచి, నాకూ ఒక ఫైలు తెరువు అంటే? డాస్‌కు సొంత స్టాక్ (నడుస్తున్న పని లెక్కలు తాత్కాలికంగా పెట్టుకునే చోటు) ఉంటుంది. రెండో పిలుపు మొదటిదాని లెక్కల మీదే రాసేస్తుంది. మెషీన్ హ్యాంగ్, ఒక్కోసారి డిస్కు కూడా ఖరాబు. అందుకే డాస్ పనిలో ఉందని చెప్పే ఒక బైటు ఉంది, ఇన్‌డాస్ ఫ్లాగ్. సెకనుకు 18.2 సార్లు కొట్టే టైమర్‌తో దాన్ని చూస్తూ, సున్నా అయ్యాకే లేవాలి. ఇంకో తిరకాసు: ప్రాంప్ట్ దగ్గర ఖాళీగా మీట కోసం చూస్తున్నప్పుడు కూడా డాస్ తాను పనిలో ఉన్నాననే అంటుంది! అప్పుడది ఇంటరప్ట్ 28ని (ఇదీ హెక్స్‌లోనే) మాటిమాటికీ పిలుస్తుంది, ఇప్పుడు రావచ్చు అన్నట్టు. తెలివైన టీఎస్ఆర్ ఆ పిలుపునూ పట్టుకుంటుంది.

1987లో బయటపడ్డ జెరూసలేం వైరస్ కూడా ఇలాగే మెమరీలో కూర్చుని, నడిపిన ప్రోగ్రాములకు అంటుకునేది.

[తెర: మెమ్, స్లాష్ సి కమాండ్. జాబితా.]

ఎవరెంత చోటు తిన్నారో ఇక్కడ కనిపిస్తుంది. ప్రోగ్రాములకు దొరికేది 640 కేబీ లోపే. మౌస్, సీడీ డ్రైవర్, డాస్‌కీ (పాత కమాండ్లను తిరిగి తెచ్చేది) ఎక్కాక పెద్ద గేమ్ మెమరీ చాలదని మొరాయించేది. 1991లో వచ్చిన డాస్ 5వ వెర్షన్, 386 ప్రాసెసర్ ఉన్న మెషీన్లలో వీటిని లోడ్‌హై కమాండ్‌తో 640 కేబీ పైనున్న ఖాళీల్లోకి ఎక్కించనిచ్చింది.

తీసేయడం ఇంకా కష్టం. ముందు ఎక్కినదాన్ని ముందే తీస్తే, తర్వాత ఎక్కినదాని దగ్గర పాత అడ్రసే ఉంటుంది. పట్టాలు పీకేసిన లైనుకు పాయింటు మార్చినట్టు. అందుకే చివర ఎక్కింది ముందు దిగాలి. మా సెంటర్‌లో ఆ వరస ఎవరికీ గుర్తుండేది కాదు. వెనక బెంచీ నుంచి "రీసెట్ కొట్టు" అని అరిచేవాళ్ళు, కొట్టేవాళ్ళం.