గాలిలో కరువైన తడి

శ్రోతలకు నమస్కారం. ఇంట్లో పెంచుకునే ఉష్ణమండలపు పూలమొక్కల గురించి నాలుగు మాటలు చెబుతాను.

చలికాలంలో ముచ్చటపడి కొన్న ఆంథూరియం, పీస్ లిల్లీ, ఆర్కిడ్ మొక్కలకు హైదరాబాదులో ఏప్రిల్ వచ్చేసరికి ఆకుల అంచులు మాడిపోతాయి. నీళ్లు చాలలేదనుకొని చాలామంది పూటపూటా చెంబుతో పోస్తారు. నిజానికి ఆ వేళ కరువైనది గాలిలోని తేమ. కుండీలో నీళ్లు ఎక్కువైతే వేర్లు ఊపిరాడక కుళ్లుతాయి, కుళ్లిన వేర్లు నీరు పీల్చలేక ఆకులు వాడతాయి, వాడిన ఆకులను చూసి మనం మరో చెంబు పోస్తాం.

ఆంథూరియం కొలంబియా, ఈక్వెడార్‌ల తేమ అడవులది. దుకాణాల్లో ఎక్కువగా కనిపించే ఫలెనాప్సిస్ ఆర్కిడ్ ఆగ్నేయాసియాలో చెట్ల కొమ్మలను పట్టుకొని, వేర్లను గాలిలోకి వదిలి బతుకుతుంది. అటువంటిదాన్ని ఎర్రమట్టిలో పాతడం అన్యాయం. బెరడు ముక్కలు, బొగ్గు కలిపి నాటి, అవి ఆరిన తరువాతనే తడపాలి. ఆంథూరియంకు వాటితోపాటు కొంత కొబ్బరిపొట్టు కూడా కలపవచ్చు.

ఆకులపై నీళ్లు చిలకరిస్తే ఆ తడి కొద్ది నిమిషాలే నిలుస్తుంది కనుక దానిపై నాకు పెద్ద నమ్మకం లేదు. కుండీలను దగ్గరగా చేర్చి, కూలర్ ఉన్న గదిలో, దాని గాలి నేరుగా తగలని మూలన ఉంచడం మేలు. నీటి విషయంలోనూ జాగ్రత్త అవసరం: బోరునీటిలోని లవణాలు కుండీ అంచున తెల్లగా పేరుకుంటాయి, ఆర్‌ఓ యంత్రం వదిలేసే నీటిలో అవి ఇంకా చిక్కబడి ఉంటాయి. వానాకాలంలో వాననీరు, ఎండాకాలంలో ఏసీ గొట్టం నుంచి కారే నీరు ఈ మొక్కలకు ఎంతో నయం.

తూర్పు కిటికీ వెలుగు వీటికి సరిపోతుంది. పడమటి బాల్కనీ ఎండ ఆకులను కాల్చేస్తుంది. పీస్ లిల్లీ చీకటి మూలలో బతుకుతుంది గాని పూయదు. అదీ ఆంథూరియమూ మన చేమ కుటుంబానివే కాబట్టి, నమిలితే నోరు దురదపెట్టి మండుతుంది. పసిపిల్లలకు, పిల్లులకు అందకుండా ఉంచాలి.

వేసవిలో మొక్కలను వేధించే ఈ ఊరే చలికాలంలో ఆర్కిడ్‌కు మేలు చేస్తుంది. రాత్రి ఉష్ణోగ్రత కొన్ని వారాలపాటు 18 డిగ్రీల దరిదాపుల్లో ఉంటే ఫలెనాప్సిస్ పూకాడ వేస్తుంది కనుక, నవంబరులో దాన్ని కిటికీ దగ్గరకు జరపండి. చలి మరీ ముదిరిన రాత్రుల్లో మాత్రం లోపలికి తీయండి. పూలు రాలిన కాడ పచ్చగానే ఉంటే మొదలంటా కత్తిరించవద్దు. కింది నుంచి రెండో మూడో కణుపుకు పైన కోస్తే, ఆ కణుపు నుంచి మళ్లీ పూసే అవకాశం ఉంది.