చూరుకు మంచు కడితే

(అమలాపురంలో ఒక స్టూడియో. ఒక గృహిణి, సివిల్ ఇంజనీరు, తాపీ మేస్త్రి.)

యాంకర్: కోనసీమలో కూర్చుని ఇంటి కప్పు మీద మంచు గురించి చర్చేంటని నవ్వకండి. ఏ వీధిలో చూసినా అమెరికాలోనో కెనడాలోనో ఉన్న పిల్లలున్నారు. అమ్మా, మీరు చూసొచ్చారు కదా.

గృహిణి: ఆయ్, చూశానండి. మా అమ్మాయి పురిటికి అమెరికాలో మినియాపొలిస్ వెళ్లాను. జనవరి. చూరు పొడుగునా మంచు కడ్డీలు గాజు ఊచల్లా వేలాడుతుంటే ముచ్చటేసి వీడియో తీశాను. మూడో రోజుకి పడగ్గది గోడ మీద తడి మరక! అల్లుడుగారికి ఒకటే టెన్షన్. బయటంతా గడ్డకట్టుకుపోయి ఉంటే లోపలికి నీళ్లెలా వచ్చాయండి?

ఇంజనీరు: కిటుకంతా అక్కడే ఉంది. ఆ మంచును కరిగించింది మీ ఇంట్లో హీటరే. వేడి గాలి సీలింగు సందుల్లోంచి అటకలోకి ఎక్కి కప్పును వెచ్చబెడుతుంది. మంచు అడుగునుంచి కరిగి వాలు వెంట జారుతుంది. చూరు గోడ దాటి బయటికి ఉంటుంది కదా, దాని కింద వెచ్చదనం ఉండదు. నీళ్లు అక్కడికి రాగానే మళ్లీ గడ్డకట్టి గట్టులా పేరుకుంటాయి. చేనికి గట్టు వేసినట్టే. వెనకాల నిలిచిన నీళ్లు షింగిల్స్, అంటే కప్పు మీద పెంకుల్లా పరిచే పలకల కిందకి దూరతాయి.

మేస్త్రి: మన పెంకుటింటికీ అంతే కదండి. వాన జారిపోతే పెంకు కాస్తుంది, కొబ్బరాకు అడ్డంపడి నిలిచిందా, కారుతుంది. మరి చూరు మీద వేడెక్కే కరెంటు తీగ పరిస్తే పోదా?

గృహిణి: మావాళ్లు వేయించారండి, మెలికలు మెలికలుగా. కరెంటు బిల్లు చూసి మా అమ్మాయి గుండె బాదుకుంది.

ఇంజనీరు: తీగ తలనొప్పి మాత్ర లాంటిది. నీళ్లకు దారి ఇస్తుంది గానీ, లోపలి వేడి కారడం ఆగదుగా. ముందు కన్నాలు మూయాలి: సీలింగు లైట్ల చుట్టూ, పైపుల పక్కన, అటక తలుపు అంచున. కొన్ని ఇళ్లలో బాత్రూం ఫ్యాను ఆవిరిని నేరుగా అటకలోకే ఊదుతుంది. దానికి గొట్టం పెట్టి బయటికి తీయాలి. ఆ తర్వాతే ఇన్సులేషన్, అంటే వేడిని ఆపే పొర. అక్కడి చలి ప్రాంతాలకు ఆర్-49 నుంచి ఆర్-60 చెబుతారు; ఆర్ అంటే ఆ పొర వేడిని ఎంత ఆపుతుందో చెప్పే కొలత. గాజు దూదైతే ఆర్-49 కే సుమారు అడుగున్నర మందం. దాంతో పాటు చూరు కిందా, నడికొప్పు దగ్గరా గాలి ఆడాలి.

మేస్త్రి: వెచ్చదనం కోసం అంత కష్టపడి మళ్లీ గాలి వదలమంటారేంటండి?

ఇంజనీరు: గది వెచ్చగా ఉండాలి, అటక మాత్రం బయటంత చల్లగా ఉండాలి. అప్పుడు మంచు కరగనే కరగదు.

యాంకర్: ఇప్పటికే గడ్డకట్టిన దాన్ని?

ఇంజనీరు: సుత్తి ముట్టుకోకండి, షింగిల్స్ పగులుతాయి. పాత మేజోడులో కాల్షియం క్లోరైడ్ పోసి గట్టుకు అడ్డంగా పెడితే సన్న కాలువ పడుతుంది. మామూలు ఉప్పు వద్దు, రేకులూ మొక్కలూ పాడవుతాయి. కొత్త మంచు పడగానే నేల మీద నిలబడే పొడుగు కర్ర పారతో లాగేయడం మేలు. కప్పు మార్చేటప్పుడు చూరు నుంచి గోడ లోపలికి కనీసం 2 అడుగుల దాకా నీళ్లు దిగని పొర అతికించాలి.

మేస్త్రి: ఇక్కడేమో డాబాకి వాటం పెట్టమంటే ‘అదెందుకు’ అంటారు, గచ్చుకి మాత్రం లక్షలు పోస్తారు.

గృహిణి: ఇంతకీ ఆ కడ్డీల కింద నిలబడి ఫోటో దిగానండి.

ఇంజనీరు: ఈసారి దూరం నుంచి దిగండమ్మా, అవి ఊడిపడితే తల పగులుతుంది.