తెల్ల టోపీ లేకపోయినా

అందరికీ నమస్కారం. జనవరిలో ఎక్స్‌ఛేంజ్ సెమిస్టర్‌కి స్వీడన్ బయలుదేరబోయే మీకు వీసా గురించి, ఇన్సూరెన్స్ గురించి, క్రెడిట్ల బదిలీ గురించి పొద్దుటి నుంచి చాలామంది చెప్పారు. అవన్నీ అవసరమే. నేను మాత్రం ఒకే ఒక్క రోజు గురించి చెప్పాలని వచ్చాను. స్వీడన్‌లోని ఉప్సాలాలో ఏప్రిల్ 30. నేను ఇదే హైదరాబాద్ నుంచి వెళ్లి అక్కడ ఒక వసంత సెమిస్టర్ చదివాను. ఆ యూనివర్సిటీ నాకు తరగతి గదిలో ఎంత అర్థమైందో, ఆ రోజు కోసం పనిచేసిన వంటింట్లో అంతకంటే ఎక్కువ అర్థమైంది.

ఉప్సాలా యూనివర్సిటీ 1477లో మొదలైంది. ఉష్ణోగ్రత కొలతకు తన పేరు మిగిల్చి వెళ్లిన సెల్సియస్, మొక్కలకూ జంతువులకూ రెండు మాటల శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతిని స్థిరపరచిన లిన్నేయస్, ఇద్దరూ అక్కడి ప్రొఫెసర్లే. స్టాక్‌హోమ్ నుంచి రైలెక్కితే నలభై నిమిషాల్లో చేరిపోతాం. మీరు దిగేసరికి జనవరి నెల. మధ్యాహ్నం మూడున్నరకల్లా చీకటి పడుతుంటుంది. చలికి కోటు కొనుక్కుని పోతాం కానీ, ఆ చీకటికి మనం ఇక్కడ సిద్ధం కాలేం. ఫిబ్రవరిలో నాకు ఏ పనీ చేయబుద్ధి కాని రోజులు చాలా ఉన్నాయి. ఏప్రిల్ చివరికి రాత్రి ఎనిమిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది. అక్కడివాళ్లు వసంతం కోసం అంతగా ఎందుకు ఎదురుచూస్తారో ఆ చలికాలం గడిపితేనే తెలుస్తుంది.

ఆ రోజును వాల్‌బోర్గ్ అంటారు. ఎనిమిదో శతాబ్దానికి చెందిన వాల్‌పుర్గా అనే సన్యాసిని పేరు మీద వచ్చింది. స్వీడన్ అంతటా ఆ సాయంత్రం పెద్ద పెద్ద మంటలు వేస్తారు. ఇప్పటి రాజు పుట్టినరోజు కూడా అదే కాబట్టి జెండాలు ఎగురుతుంటాయి. ఉప్సాలాలో మాత్రం అది ముందుగా విద్యార్థుల పండగ.

పొద్దున్నే ఫీరిస్ నది ఒడ్డుకు జనం చేరతారు. ఊరి మధ్యలో పారే చిన్న నది అది. ఇంజనీరింగ్, సైన్స్ విద్యార్థుల సంఘం 1975 నుంచి అక్కడ తెప్పల పందెం నడుపుతోంది. థర్మకోల్ దిమ్మెలు, చెక్కలు కలిపి విద్యార్థులే తెప్పలు కడతారు. ఒకటి ఓడలా ఉంటుంది, ఇంకొకటి ఏదో జంతువులా ఉంటుంది. ఎక్కినవాళ్లు వేషాలు కట్టుకుని ఉంటారు. దారిలో నీళ్లు కిందికి దూకే చోట్లున్నాయి. సగం తెప్పలు అక్కడే విరిగిపోతాయి, మనుషులు నీళ్లలో పడతారు, ఒడ్డున జనం గోల చేస్తారు. నీళ్లు గడ్డకట్టేంత చల్లగా ఉంటాయి. ఆ తెప్పలు గెలవడానికి కట్టినవి కావు, అందుకే ముక్కలైన తెప్పకే చప్పట్లు ఎక్కువ.

తర్వాత భోజనం. ఉడికించిన బంగాళాదుంపలు, ఊరవేసిన హెర్రింగ్ చేప. మూడు గంటలకు అందరూ కరోలినా రెదివీవా అనే పాత లైబ్రరీ ముందున్న వాలు మీద గుమిగూడతారు. వైస్ ఛాన్సలర్ బాల్కనీలోకి వచ్చి తెల్ల టోపీ ఎత్తి ఊపగానే కింద వేల టోపీలు ఒక్కసారి పైకి లేస్తాయి. ఆ టోపీ హైస్కూల్ చదువు పూర్తయినప్పుడు వచ్చేది. 1840ల నుంచీ అక్కడి విద్యార్థులకు గుర్తు. మనలాంటివాళ్ల దగ్గర అది ఉండదు. నేను ఉత్త చెయ్యి ఊపాను. పక్కనున్న ముసలాయన తలమీది టోపీ వయసుకు పసుపు రంగుకు తిరిగింది. విద్యార్థిగా ఉన్నప్పటి టోపీనే అన్నాడు. వైస్ ఛాన్సలర్, మొదటి సంవత్సరం పిల్లలు, ఎప్పుడో చదువు ముగించిన పెద్దవాళ్లు ఒకే టోపీ ఊపుతున్నారు. అది చూస్తే నాకు నిజంగా ఒళ్లు పులకరించింది.

రాత్రి కోట దగ్గర గంట మోగుతుంది, గాయకబృందం పాడుతుంది, వసంతానికి స్వాగతం చెబుతూ ప్రసంగం ఉంటుంది. పాత ఉప్సాలాలో, పూర్వపు రాజుల సమాధి దిబ్బల దగ్గర, మంట వేస్తారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇంత పెద్ద రోజును ఎవరు నడుపుతారు? చాలా వరకు విద్యార్థులే. ఉప్సాలాలో నేషన్లు అనే సంఘాలు పదమూడు ఉన్నాయి. పదిహేడో శతాబ్దంలో ఒకే ప్రాంతం నుంచి వచ్చిన పిల్లలు కలిసి ఏర్పరచుకున్నవి. ఇప్పుడు ఏ విద్యార్థి అయినా ఎందులోనైనా చేరవచ్చు. 2010 దాకా చేరడం తప్పనిసరి, ఆ తర్వాత ఇష్టం. వాటికి సొంత భవనాలు, వంటిళ్లు, లైబ్రరీలు, గాయకబృందాలు ఉన్నాయి. నేషన్‌ను నడిపే క్యూరేటర్ పదవికి ఎన్నికైన విద్యార్థి చదువు కొంతకాలం ఆపి మరీ ఆ పని చూసుకుంటాడు. ఇరవై రెండేళ్ల అమ్మాయి సరుకుల లెక్క చూసి, లైసెన్సు కాగితాలు చదివి, వంటవాళ్లకు షిఫ్టులు వేయడం నేను కళ్లారా చూశాను. అలాంటి బాధ్యత మన క్యాంపస్‌లలో ఆ వయసువాళ్ల చేతికి ఎంతమంది ఇస్తారు?

నేను ఫిబ్రవరిలోనే ఒక నేషన్ వంటింట్లో చేరాను. వాల్‌బోర్గ్ ముందురోజు రాత్రి బస్తాల కొద్దీ బంగాళాదుంపలు కడిగాం. నా పక్కన ఒక జర్మన్ అమ్మాయి, ఒక స్వీడిష్ అబ్బాయి. జనవరి నుంచి క్లాసులో తల ఊపి వెళ్లిపోయే ఆ అబ్బాయి ఆ రాత్రి వాళ్లమ్మ జబ్బు గురించి చెప్పాడు. స్వీడన్‌వాళ్లు ముభావంగా ఉంటారు, స్నేహం కుదరదు అని మీకు చాలామంది చెప్తారు. కలిసి పని చేసి చూడండి, తర్వాత మాట్లాడుకుందాం.

ఒక మాట సూటిగా చెప్పాలి. ఆ రోజు మద్యం చాలా ఉంటుంది, పొద్దుటి నుంచీ ఉంటుంది. నేను తాగను. వద్దంటే నన్నెవరూ రెండోసారి అడగలేదు. కానీ సాయంత్రానికి వీధుల్లో ఒళ్లు తెలియనివాళ్లు కనబడతారు. నలుగురితో కలిసి తిరగండి, ఫోన్ చార్జింగ్ చూసుకోండి.

ఇక్కడ ఉండిపోయేవాళ్లకు కూడా నాదొక విన్నపం ఉంది. సెంట్రల్ యూనివర్సిటీకి, ఉస్మానియాకు ఎన్నో దేశాల నుంచి విద్యార్థులు వస్తారు. బతుకమ్మ రోజుల్లో వాళ్లను పిలుస్తాం, చీర కట్టిస్తాం, ముందు వరసలో నిలబెట్టి ఫొటో తీస్తాం. మర్యాదే. కానీ వాళ్లను ముందురోజే పిలవండి. తంగేడు, గునుగు కోసుకురావడానికి వెంట తీసుకెళ్లండి. తాంబాళంలో వరసలు పేర్చేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకోండి. గునుగుకు రంగులద్ది చేతులు ఎర్రబడనివ్వండి. మనవాళ్లకు ఉప్సాలా వంటింట్లో దొరికిన చోటు వాళ్లకు ఇక్కడ దొరకాలి.

వెళ్లేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోండి. చేరగానే ఏదో ఒక నేషన్‌లో సభ్యత్వం తీసుకోండి. వంటింట్లో షిఫ్ట్ ఫిబ్రవరిలోనే అడగండి. స్వీడిష్ రాకపోయినా ఫర్వాలేదు, వంటింట్లో ఇంగ్లీషుతో గడిచిపోతుంది. ఇక మీరు అడగండి, నాకు తెలిసినంత చెప్తాను.