టూ స్ట్రోక్ అల్ట్రాలైట్ ఇంజన్: పెట్రోల్‌లో ఆయిల్ ఎలా కలపాలి

నమస్తే అండి. అల్ట్రాలైట్‌లో, అంటే చిన్న తేలికపాటి విమానంలో, టూ స్ట్రోక్ ఇంజన్ ఉన్నవాళ్ళ కోసం ఈ వీడియో, పెట్రోల్‌లో ఆయిల్ కలపడం మొత్తం చేసి చూపిస్తాను. ఒక్కటి ముందే చెప్పేస్తున్నా, విమానం ట్యాంక్‌లో పోసి కలపొద్దు, విడిగా క్యాన్‌లోనే కలపండి.

ఎందుకంటే ఈ ఇంజన్‌కి ఫోర్ స్ట్రోక్‌లో లాగా కింద ఆయిల్ సంప్, అంటే ఆయిల్ నిల్వ ఉండే తొట్టి, ఉండదు, పెట్రోల్‌తో పాటు ఇంజన్ కింది గదిలోకి (క్రాంక్‌కేస్) వచ్చే ఆ కాస్త ఆయిలే బేరింగులకీ పిస్టన్‌కీ సిలిండర్‌కీ అందాలి, అది అందకపోతే పిస్టన్ పట్టేసి ఇంజన్ సీజ్ అవుతుంది, అదీ టేకాఫ్ అయ్యి పైకెక్కుతుండగా జరిగితే దిగడానికి చోటు చూసుకునే టైమ్ కూడా ఉండదు. ట్యాంక్‌లో పోస్తే ఆయిల్ సరిగ్గా కలవకుండా అడుక్కి చేరుతుంది, పైగా అందులో ముందే ఎంత పెట్రోల్ మిగిలుందో మనకి కరెక్ట్‌గా తెలీదు, ఇక కొలత ఎక్కడిది?

రోటాక్స్ 447, 503 లాంటి ఇంజన్లకి రేషియో 50:1, అంటే 50 వంతుల పెట్రోల్‌కి ఒక వంతు ఆయిల్. లీటర్‌కి 20 ఎంఎల్ అని గుర్తుపెట్టుకోండి చాలు, 5 లీటర్లకి 100, 10 లీటర్లకి 200, 20 లీటర్లకి 400. వేరే ఇంజన్ అయితే దాని మాన్యువల్ ఏం చెప్తే అదే. ఆయిల్ ఇంజెక్షన్, అంటే విడి బాటిల్ నుంచి ఆయిల్ దానంతటదే ఇంజన్‌కి అందే ఏర్పాటు, ఉన్న మోడల్ అయితే ట్యాంక్‌లో ఉత్త పెట్రోలే పొయ్యాలి, ఆయిల్ బాటిల్ లెవెల్ మాత్రం ప్రతి ఫ్లైట్‌కి ముందు చూడండి.

ఇక్కడ చాలామంది అనేది ఏంటంటే, ఆయిల్ కొంచెం ఎక్కువైతే ఇంకా సేఫ్ కదా అని. కాదండీ. కార్బురేటర్ జెట్‌లోంచి వెళ్ళే దాంట్లో ఆయిల్ పెరిగితే ఆ మేరకి పెట్రోల్ తగ్గుతుంది, అంటే మిక్స్చర్ లీన్ అయ్యి ఇంజన్ ఇంకా వేడెక్కుతుంది, పైగా కార్బన్ పేరుకుని రింగులు ఇరుక్కుపోతాయి, ప్లగ్గులు పాడవుతాయి.

ఆయిల్ కూడా ఏది పడితే అది కాదు. ఎయిర్ కూల్డ్ ఇంజన్‌కి డబ్బా మీద ఏపీఐ టీసీ అనే గ్రేడ్ ఉన్న టూ స్ట్రోక్ ఆయిల్ తీసుకోండి, టీసీ-డబ్ల్యూ3 అని ఉంటే అది నీళ్ళతో చల్లబడే పడవ ఇంజన్లకి, అంత వేడికి అది తట్టుకోదు. ఒక బ్రాండ్ పట్టుకుంటే దాంతోనే ఉండండి, రెండు రకాలు కలపొద్దు.

సరే, ఇక కలుపుదాం. క్యాన్ నేల మీద పెట్టండి, బండి మీద ఉంచి పోస్తే స్టాటిక్ కరెంట్‌తో నిప్పు రవ్వ పుట్టొచ్చు. ముందు కాస్త పెట్రోల్ పోసి, మెజరింగ్ కప్‌తో కొలిచిన ఆయిల్ మొత్తం అందులో పోసి, కప్పుకి అంటుకున్నది కూడా పెట్రోల్‌తో కడిగి అందులోనే వెయ్యండి, మూత బిగించి బాగా ఊపండి, తర్వాత మిగతా పెట్రోల్ పోసి మళ్ళీ ఊపండి. ఇంతే. అయిపోగానే తేదీ, రేషియో, ఆయిల్ పేరు క్యాన్ మీద రాసెయ్యండి, రేపు ఇది కలిపిందా ఉత్తదా అని డౌట్ వచ్చిందో, వాసన చూసో రంగు చూసో గెస్ చెయ్యకండి, ఆ పెట్రోల్ విమానంలో పొయ్యనే పొయ్యొద్దు.

నెలల తరబడి ఉన్న మిక్స్ కూడా వాడొద్దు. ఇథనాల్ ఉన్న పెట్రోల్ అయితే ఇంకా జాగ్రత్త, అది గాల్లో తేమ పీల్చుకుంటుంది, నీళ్ళు ఎక్కువైతే ఇథనాల్, నీళ్ళు కలిసి విడిపోయి అడుక్కి దిగుతాయి, అందులో ఆయిల్ కలవదు, ఇంజన్‌కి ముందు అందేది అదే.

ట్యాంక్‌లోకి ఫిల్టర్ ఉన్న గరాటుతో పొయ్యండి. పోశాక కాసేపు ఆగి, కింద డ్రెయిన్ నుంచి కొంచెం గాజు సీసాలోకి పట్టి వెలుతురుకి పెట్టి చూడండి, అడుగున నీటి బొట్లు కనిపిస్తే అవి పోయేదాకా డ్రెయిన్ చెయ్యండి, ఆ తర్వాతే స్టార్ట్ చెయ్యండి.