గెట్టీ మ్యూజియంలో పూలు, పళ్ళ జంట పెయింటింగ్స్ | యాన్ వాన్ హాయ్‌సమ్, 1722 | రివ్యూ

నమస్తే అండి అందరికీ. లాస్ ఏంజలెస్‌లో గెట్టీ సెంటర్‌కి వెళ్ళొచ్చినవాళ్ళని ఏం చూశారని అడగండి, దాదాపు అందరూ వాన్ గో వేసిన ఐరిసెస్ అనే పూల పెయింటింగ్ పేరే చెప్తారు. మొదటిసారి నేనూ అదే చూసి వచ్చేశా. ఈసారి మాత్రం రెండు డచ్ పెయింటింగ్స్ కోసమే వెళ్ళా. ఒకటి పూలది, ఒకటి పళ్ళది. రెండూ 1722లో ఆమ్‌స్టర్‌డ్యామ్‌లో ఉండే యాన్ వాన్ హాయ్‌సమ్ వేసినవే, జంటగా వేసినవి, ఇవాళ్టి రివ్యూ వాటి గురించే.

పెద్దవేం కాదండి, సుమారు 80 సెంటీమీటర్ల ఎత్తు, 61 వెడల్పు, చెక్క పలక మీద ఆయిల్ పెయింట్. ముందు దూరం నుంచి రెండిటినీ కలిపి చూడండి, తర్వాత దగ్గరికి వెళ్ళండి.

పూలది చూస్తే గులాబీలూ ట్యులిప్‌లూ ఒకే గుత్తిలో ఉంటాయి. ట్యులిప్ నెదర్లాండ్స్‌లో ఏప్రిల్, మే నెలల్లో పూస్తుంది, గులాబీలు బాగా పూసేది జూన్‌లో, అంటే మనకి వేసవి మల్లెలూ కార్తీకం చామంతులూ ఒకే బుట్టలో దొరికినట్టన్నమాట. మిగతా పెయింటర్లు చాలామంది ముందే వేసిపెట్టుకున్న స్కెచ్‌లు చూసి నింపేసేవాళ్ళు, ఈయన మాత్రం అసలు పువ్వు కళ్ళ ముందు ఉంటే తప్ప వేయనని పట్టుబట్టేవాడు, అది పూసే కాలం రాకపోతే పెయింటింగ్ అలాగే ఆగిపోయేది. 1742లో ఒక ఉత్తరంలో రాశాడు కూడా, పసుపు గులాబీ దొరకలేదు, దొరికుంటే ఈపాటికి పూర్తయ్యేదని. లండన్ నేషనల్ గ్యాలరీలో ఈయన పూల పెయింటింగ్ ఒకటుంది, దాని మీద సంతకం పక్కన 1736, 1737 అని రెండేళ్ళూ రాసి ఉంటాయి. ఆ ఓపిక తల్చుకుంటే నాకైతే చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఇప్పుడు పళ్ళది. నిజం చెప్పాలంటే నాకు ఇదే ఎక్కువ నచ్చింది. పాలరాతి అరుగు మీద పీచ్ పళ్ళు, ద్రాక్ష గుత్తులు. పీచ్ తొక్క మీద నూగు కనిపిస్తుంది, ద్రాక్ష మీద వేలితో రుద్దితే పోయే ఆ తెల్లటి పొడి లాంటి పూత ఉంటుంది చూడండి, అదీ వేశాడు, ఆ పూత కిందనుంచి వెలుగు పండులోకి దూరినట్టు ఉంటుంది. రంగుని నీళ్ళలా పల్చటి పొరలుగా, గ్లేజ్‌లుగా, ఒకదాని మీద ఒకటి వేసుకుంటూ పోతే వచ్చే మెరుపది. ఎంత దగ్గరికెళ్ళి చూసినా బ్రష్ గీత దొరకలేదు నాకు. ఈ పద్ధతి ఎవరికీ తెలియకూడదని సొంత అన్నదమ్ముల్ని కూడా స్టూడియోలోకి రానిచ్చేవాడు కాదట, ఆయన దగ్గర నేర్చుకున్నట్టు తెలిసిన శిష్యురాలు ఒక్కరే, మార్గరెటా హేవర్‌మన్.

మైనస్ అంటే ఒకటే, రెండూ బాగా కిక్కిరిసి ఉంటాయి, మొదటి నిమిషం కన్ను ఎక్కడ ఆగాలో తెలీదు. ఏదో ఒక పండు దగ్గర ఆగి అక్కణ్ణుంచి మెల్లగా వెళ్తే సర్దుకుంటుంది. ఇంకోటి, ఆ కాలం డచ్ పూల పెయింటింగ్స్‌లో ఎక్కడైనా ఆకులు నీలంగా కనిపిస్తే ఇదేం రంగు అనుకోకండి, పసుపూ నీలమూ కలిపి వేసిన పచ్చలో పసుపు రంగు వెలుతురుకి వెలిసిపోయి నీలం మిగిలిపోతుంది, అంతే.

ఎంట్రీ ఫ్రీ, కాకపోతే టైమ్ స్లాట్ ముందే బుక్ చేసుకోవాలి, పార్కింగ్‌కి మాత్రం డబ్బులు కట్టాలి. ఇండియాలో ఉన్నవాళ్ళు గెట్టీ వెబ్‌సైట్‌లో పెద్ద సైజు ఫోటోలు ఫ్రీగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, ఫోన్‌లో కాకుండా ల్యాప్‌టాప్‌లో తెరిచి ద్రాక్ష గుత్తి దగ్గర జూమ్ చేయండి, ఏం కనిపించిందో కింద కామెంట్‌లో రాయండి.